ఆ లైన్ ఎవరిది?

బేస్ గిటార్ వాయించేవాళ్ళు ఇద్దరు కలిస్తే మొదటి పావుగంట సంగీతం గురించి మాట్లాడుకోరు. తీగల గురించి మాట్లాడుకుంటారు. ఏ కంపెనీవి, ఎంత మందం, మార్చి ఎన్నాళ్ళయింది. తర్వాత పికప్పులు, ఆ తర్వాత చెక్క. మూడోవాడొస్తే ప్రెసిషన్ బేసా, జాజ్ బేసా అన్న గొడవ మొదలవుతుంది. ఫెండర్ కంపెనీ మొదటిదాన్ని 1951లో, రెండోదాన్ని 1960లో తెచ్చింది. అప్పట్నుంచీ ఈ గొడవ తెగలేదు. తెగాలని ఎవరికీ లేదు కూడా.

సికింద్రాబాద్‌లో గిటార్లు బాగుచేసే ఒకాయన షాపు ముందు మేం నలుగురం నెలకోసారి ఆదివారం పూట చేరతాం. వానాకాలం వస్తే గాలిలో తేమకి గిటార్ నెక్ వంగుతుంది, దాన్ని సరిచేయించుకోవాలి. మిగతా నెలల్లో వేరే సాకులుంటాయి. ఒకడు నా కాలేజీ స్నేహితుడు, బ్యాంకులో పనిచేస్తాడు. ఒకాయన ఇరవయ్యేళ్ళుగా చర్చిలో వాయిస్తున్నాడు, ఆయన్ని అందరం అన్నా అనే పిలుస్తాం. ఇంకొకడు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం కుర్రాడు. నాలుగోవాణ్ణి నేను. ఒక బ్యాండుకి ఒక్క బేసిస్టే చాలు కాబట్టి మాలో ఏ ఇద్దరమూ కలిసి వాయించే ప్రమాదం లేదు. మా స్నేహం ఇన్నాళ్ళు నిలవడానికి అదే కారణమని నా అనుమానం.

మొన్న జూలైలో ఇలాగే చాయ్ తాగుతుంటే మా బ్యాంకువాడు ఒక ప్రశ్న వేశాడు. పేరుండీ వినపడకపోవడం నయమా, వినపడుతూ పేరు లేకపోవడం నయమా?

దీని వెనక రెండు పాత కథలున్నాయి. బేస్ వాయించేవాళ్ళలో ఇవి తెలియనివాళ్ళు తక్కువ. మొదటిది మెటాలికాది. 1986లో ఆ బ్యాండు బేసిస్టు క్లిఫ్ బర్టన్ స్వీడన్‌లో బస్సు ప్రమాదంలో చనిపోయాడు. ఆయన స్థానంలో జేసన్ న్యూస్టెడ్ వచ్చాడు. 1988లో ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ ఆల్బమ్ వచ్చింది. అట్ట మీద న్యూస్టెడ్ పేరుంది. పాటల్లో మాత్రం బేస్ దాదాపు వినపడదు. మిక్సింగ్‌లో అంత తగ్గించేశారు. ఒక మనిషి ఆల్బమంతా వాయించాడు, లక్షలమంది కొన్నారు, ఆయన ఏం వాయించాడో చెవికి అందలేదు.

రెండోది జేమ్స్ జేమర్సన్‌ది. అరవైల్లో డెట్రాయిట్‌లోని మోటౌన్ కంపెనీ నుంచి వరసగా హిట్లు వస్తున్న రోజుల్లో, వాటిలో చాలావాటికి బేస్ వాయించింది ఆయనే. ఒక్క చూపుడువేలితో వాయించేవాడు. తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదని చెబుతారు. ఆయన లైన్లు పాడుకోవచ్చు, అంత స్పష్టంగా ఉంటాయి. కానీ ఏళ్ళ తరబడి రికార్డుల మీద వాద్యకారుల పేర్లు ఉండేవి కావు. 1971లో మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ వచ్చినప్పుడు గానీ జేమర్సన్ పేరు అచ్చులో కనిపించలేదు. ఆయన 1983లో పోయాడు. ఆ లైన్లన్నిటి వెనకున్న మనిషి గురించి వివరంగా పుస్తకం వచ్చింది 1989లో, సినిమా వచ్చింది 2002లో.

కుర్రాడు వెంటనే న్యూస్టెడ్ పక్షం తీసుకున్నాడు. “పేరుంటే ఇంకో ఆల్బమ్‌లోనైనా వినిపించుకోవచ్చు కదన్నా” అన్నాడు. బ్యాంకువాడు జేమర్సన్ వైపు. పని నిలిచింది, అది చాలు, పేరుదేముందన్నాడు. చర్చి అన్న చాలాసేపు మాట్లాడలేదు. చివరికి “బేస్ ఆగిపోయినప్పుడే ఉందని తెలుస్తుంది. మన పని అదే. దేవుడికి తెలిస్తే చాలు” అన్నాడు.

ఇది బేస్ వాయించేవాళ్ళందరికీ ఇష్టమైన మాట. నేనూ ఎన్నోసార్లు అన్నాను. పునాది కనపడదు, అయినా ఇల్లు దాని మీదే నిలుస్తుంది, ఇలాంటివి. వినడానికి బాగుంటుంది. అయితే ఈ మాట ఎవరు ఎవరి గురించి అంటున్నారన్నది ముఖ్యం. చర్చి అన్న తన గురించి అంటే అది వినయం. అదే మాట మోటౌన్ యజమానులు జేమర్సన్ గురించి అని ఉంటే? అక్కడ వాయించినవాళ్ళకి ఇచ్చింది కూలి. పాట రాసినవాళ్ళకే రాయల్టీలు. సాధారణంగా పాట అంటే మాటలూ బాణీ అనే లెక్క. కింద నడిచే బేస్ లైన్, అది లేకపోతే ఆ పాటని గుర్తుపట్టలేకపోయినా సరే, పాటలో భాగంగా లెక్కలోకి రాదు.

మన దగ్గరా అంతే కదా. చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్న సినిమా క్యాసెట్ల అట్టల మీద గాయకులు, గీత రచయిత, సంగీత దర్శకుడు ఉండేవారు. వాయించినవాళ్ళు ఉండేవారు కాదు. 1989 నాటి ‘గీతాంజలి’ పాటలు అరిగిపోయేదాకా విన్నాను. ఇళయరాజా పాటల్లో బేస్ ఎంత బాగుంటుందో చెప్పుకోవడం ఇవాళ ఒక ఫ్యాషన్. ఆయన పాటలెన్నిటికో ఆ బేస్ వాయించిన చేయి శశిధరన్ అనే ఆయనదని నాకు ముప్పయ్యేళ్ళు దాటాక తెలిసింది. రెహమాన్ ఆల్బమ్‌ల మీద వాద్యకారుల పేర్లు చూశాకే కీత్ పీటర్స్ ఎవరో వెతుక్కున్నాను. శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’ చదివి తలలూపిన మనమే, క్యాసెట్ తిప్పి చూసినప్పుడు ఆ ప్రశ్న అడగలేదు.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది. ఇళయరాజా బేస్ భాగాన్ని కూడా తానే స్వరాలతో సహా రాసి ఇస్తారు. అంటే ఆలోచన ఆయనది, చేయి శశిధరన్‌ది. జేమర్సన్‌కి చాలాసార్లు కార్డులు రాసిన కాగితం మాత్రమే చేతికిచ్చేవారు, లైన్ ఆయనే పుట్టించేవాడు. అక్కడ ఆలోచనా ఆయనదే, చేయీ ఆయనదే. ఇద్దరికీ పేరు దక్కాలి, కానీ ఒకే రకం పేరు కాదు. ఇది రాస్తున్నప్పుడు నాకు మూడో రకం ఒకటి గుర్తొచ్చింది. నిజానికి ఈ వ్యాసం దాని కోసమే.

ఆ ఆదివారం చర్చ అయ్యాక కుర్రాడు ఫోన్ తీసి మా బ్యాండు పాట పెట్టాడు. మాది ఐదుగురు సాఫ్ట్‌వేర్‌వాళ్ళ బ్యాండు. మూడేళ్ళ కిందట రికార్డు చేసిన ఒకే ఒక్క పాట ఇంటర్నెట్‌లో ఉంది. దాని కింద పేర్లున్నాయి. బేస్ అన్నచోట నా పేరుంది. రెండో చరణంలో బేస్ ప్రతి ఆవర్తనంలోనూ మొదటి దెబ్బని వదిలేసి, అరక్షణం ఆగి వస్తుంది. ఆ పాటలో బాగున్నది ఏదైనా ఉందంటే అదొక్కటే. కుర్రాడు అక్కడ ఆపి, “అన్నా, ఇక్కడ ఖాళీ వదలాలని ఎలా తట్టింది?” అని అడిగాడు.

నాకు తట్టలేదు. మా బ్యాండులో నాకు ముందు బేస్ వాయించినవాడికి తట్టింది. నేనప్పుడు రిథమ్ గిటార్ వాయించేవాణ్ణి. అతను ఉద్యోగం మారి పుణె వెళ్ళిపోయాడు. నేను అతని ప్రాక్టీసు రికార్డింగు ఫోన్‌లో విని, ఒక్కో స్వరం నేర్చుకుని, అదే వాయించాను. ఆ రికార్డింగులో చేయి నాదే. కాబట్టి నా పేరుండటం అబద్ధం కాదు. మూడేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నది ఇదే.

కుర్రాడికి నేనిచ్చిన జవాబు ఇది: “అవి ఫ్లాట్‌వౌండ్ తీగలు రా. మోత తొందరగా తగ్గిపోతుంది, అందుకే ఖాళీ ఖాళీలాగే వినపడుతుంది.” వాడు బుద్ధిగా తలూపాడు. బ్యాంకువాడు వెంటనే ఫ్లాట్‌వౌండ్ తీగల ధర ఎత్తుకున్నాడు. ఇంకో అరగంట హాయిగా గడిచిపోయింది.

నేను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. వాడు ‘ఎలా తట్టింది’ అంటే నేను ‘ఎలా మోగింది’ అన్న ప్రశ్నకి జవాబు చెప్పాను, అంతే. తీగల గురించీ చెక్క గురించీ మేం ఎందుకింత మాట్లాడుకుంటామో ఇంటికెళ్ళాక కొంచెం అర్థమైంది. పరికరానికి ఎంత ఘనత ఇచ్చినా ఎవరికీ బాకీ పడం. జేమర్సన్ దగ్గరున్న 1962 నాటి ప్రెసిషన్ బేస్ ఆయన పోవడానికి కొన్నాళ్ళ ముందు దొంగతనం అయింది. ఆ గిటార్‌కి ఒక ముద్దుపేరుంది, ఆ పేరు మాలో అందరికీ తెలుసు. పాటల మీద మనిషి పేరు లేనంత కాలమూ గిటార్‌కి పేరుంది.

మా ఆఫీసులో ప్రతి కోడ్ లైన్ పక్కనా అది ఎవరు రాశారో కనిపిస్తుంది. అది చూపించే కమాండ్ పేరు ‘బ్లేమ్’, అంటే నింద. ఏదో పాడైనప్పుడే చూస్తాం, బాగున్నప్పుడు ఎవరూ చూడరు. ఇంకో సంగతి కూడా ఉంది. ఒక ఫైల్‌ని పాతచోటి నుంచి కాపీ చేసి కొత్తచోట పెడితే, పాత చరిత్రంతా పోయి అన్ని లైన్ల పక్కనా కాపీ చేసినవాడి పేరే వస్తుంది. వాడు దొంగ కానక్కర్లేదు. ఏమీ చేయకుండా ఊరుకుంటే చాలు.

బేస్ గిటార్‌లో అన్నిటికంటే కింది తీగ మోగేది దాదాపు 41 హెర్ట్జ్ దగ్గర. ఫోన్ స్పీకర్ అంత కిందికి వెళ్ళలేదు. అయినా కుర్రాడి ఫోన్‌లో ఆ స్వరం మాకు తెలిసింది. ఎందుకంటే దానిపైన ఉండే అనుస్వరాలు వినపడితే, కింద లేని స్వరాన్ని మెదడు తనే పూరించుకుంటుంది. సరైన స్వరంతోనే పూరిస్తుంది. పేర్ల విషయంలో మనకి అలాంటి తెలివి లేదు. ఖాళీ ఉంటే దగ్గర్లో ఉన్న పేరుతో నింపేస్తాం. మోటౌన్ పాటలు కొన్నిటికి బేస్ వాయించింది తానేనని లాస్ ఏంజెలెస్‌కి చెందిన కరోల్ కే చెబుతూ వచ్చింది. ఆమె కూడా వేల రికార్డింగులు చేసిన గొప్ప వాద్యకారిణి. కాదు, అవి జేమర్సన్‌వేనని ఇంకొందరు వాదిస్తారు. దశాబ్దాలుగా ఆ వాదన నడుస్తోంది. రికార్డు మీద ఒక్క పేరు అచ్చు వేసి ఉంటే అసలు పుట్టేదే కాదు. పేరు రాయకపోవడం వల్ల ఒక మనిషికి అన్యాయం జరగడం ఒక్కటే కాదు, ఏం జరిగిందో తెలుసుకునే దారి అందరికీ మూసుకుపోతుంది.

అదే కరోల్ కే 2025లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ తనని ఎంపిక చేస్తే వద్దంది. స్టూడియోలో పనిచేసినవాళ్ళ పనికి ఆ గౌరవం సరిపోలదని ఆమె అభిప్రాయం. చర్చి అన్న మాటకి ఇది దగ్గరగా ఉందని మొదట అనిపించింది. కానీ వద్దనాలంటే ముందు ఎవరో ఇవ్వాలి కదా. పేరు వద్దనుకునే హక్కు పేరున్నవాళ్ళకే ఉంటుంది. పుణెలో ఉన్నవాడి తరఫున ‘పేరుదేముంది’ అని నేను అనలేను.

బ్యాంకువాడి ప్రశ్నకి నాకిప్పటికీ జవాబు లేదు. న్యూస్టెడ్‌కి జరిగిందీ జేమర్సన్‌కి జరిగిందీ రెండూ నష్టాలే. ఏది నయమని అడగటంలోనే వాళ్ళిద్దరూ మనకి దూరంగా ఉన్నారన్న ధీమా ఉంది.

పది రోజులు వాయిదా వేసి, ఒక రాత్రి పుణెకి ఫోన్ చేశాను. విషయం చెప్పి సారీ అన్నాను. అతను కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నవ్వి, “ఎవడు చూస్తాడ్రా అవన్నీ, వదిలెయ్” అన్నాడు. బేస్ అమ్మేసి రెండేళ్ళయిందట. పాప పుట్టాక ఇంట్లో చోటు చాల్లేదట. పేరు మారుస్తున్నానంటే “నీ ఇష్టం” అన్నాడు. నాకు తేలికపడాలి, పడలేదు. అతను వదిలెయ్యమన్నది తన బాకీని. కుర్రాడికి నేను చెప్పిన జవాబు అతని చేతిలో లేదు.

ఇప్పుడు ఆ పాట కింద రెండు పేర్లున్నాయి. బేస్ లైన్ కట్టింది అతను, వాయించింది నేను. ఆగస్టు ఆదివారం కుర్రాడికి ఈ కథంతా చెప్పాను. వాడు నా వైపు కాస్త కొత్తగా చూసి, “ఆయన ఇంకా ఏమైనా కట్టారా అన్నా?” అని అడిగాడు. పాత ప్రాక్టీసు రికార్డింగులు వెతికి పంపిస్తానన్నాను. మూడు దొరికాయి.

ఫోన్ పెట్టేసే ముందు అతను అడిగిన మాట మాత్రం మర్చిపోలేకపోతున్నాను. “ఇంతకీ ఏ తీగలు వాడుతున్నావ్?” అన్నాడు. చెప్పాను. మార్చి ఎన్నాళ్ళయిందన్నాడు. అదీ చెప్పాను. ఆ తర్వాత దాదాపు గంటసేపు, గిటార్ లేని అతనూ నేనూ తీగల గురించే మాట్లాడుకున్నాం.