ఏ శూన్యం నుంచి?

"ఇంట్లో ఏమీ లేదు" అంటే బియ్యం నిండుకున్నాయని. "జేబులో ఏమీ లేదు" అంటే డబ్బుల్లేవని. మన వాడుకలో 'ఏమీ లేదు' అన్న మాటకి ఎప్పుడూ ఒక చోటుంటుంది. ఆ చోటు కూడా లేని లేమిని ఎవరమూ చూసినవాళ్లం కాము. అందుకే శూన్యం నుంచి ఏదైనా పుడుతుందా అని అడిగేవాళ్లని ముందు ఏ శూన్యం నుంచి అని అడగాలనిపిస్తుంది.

భౌతికశాస్త్రం చెప్పే శూన్యం నిజానికి చాలా సందడిగా ఉంటుంది. విద్యుదావేశం లేని రెండు లోహపు పలకల్ని శూన్యంలో బాగా దగ్గరగా పెడితే అవి ఒకదానివైపు ఒకటి జరుగుతాయని 1948లో డచ్ శాస్త్రవేత్త హెండ్రిక్ కాసిమిర్ లెక్కకట్టి చెప్పాడు. ఆ బలాన్ని 1997లో స్టీవ్ లామొరో ప్రయోగశాలలో కొలిచాడు. అణువులన్నీ తీసేసినా క్షేత్రాలు మిగులుతాయి, వాటి అలజడీ మిగులుతుంది. విశ్వం మొత్తం అలాంటి అలజడే కావచ్చని 1973లో ఎడ్వర్డ్ ట్రయాన్ అన్నాడు. పదార్థపు శక్తి ధనం, గురుత్వాకర్షణది ఋణం, రెండూ కూడితే సున్నా. ఇక ఎవరికీ బాకీ లేదన్నమాట. 1982లో అలెగ్జాండర్ విలెంకిన్ స్థలకాలాల్ని కూడా తీసేసి విశ్వం పుట్టుకకి గణితం రాశాడు.

లెక్క బాగానే ఉంది. కానీ కోటి ఆస్తి, కోటి అప్పు ఉన్నవాడికీ, ఆస్తీ అప్పూ రెండూ లేనివాడికీ నికరంగా మిగిలేది సున్నాయే. ఇద్దరి ఇళ్లకీ వెళ్లి చూస్తే తేడా తెలుస్తుంది. లారెన్స్ క్రౌస్ 2012లో ఈ కథని పుస్తకం చేస్తే, తాత్వికుడు డేవిడ్ ఆల్బర్ట్ పట్టుకున్నదీ ఇలాంటి చోటే: ఆ క్షేత్రాలూ ఆ నియమాలూ ఎక్కడివి?

విశ్వాసానిదీ ఇదే ఇబ్బంది. దేవుడు ఏమీ లేనిదాన్నుంచి లోకాన్ని చేశాడంటే, దేవుడైతే ఉన్నాడు కదా. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు తన కొడుకు శ్వేతకేతుని అడిగేదీ ఇదే: లేనిదాన్నుంచి ఉన్నది ఎలా వస్తుంది? గట్టి ప్రశ్నే. అయితే ఆ గట్టితనం ఎక్కణ్ణుంచి వచ్చింది? విత్తు లేకుండా చెట్టు రాదని, పాలు లేకుండా పెరుగు కాదని మనం చూశాం. అదంతా ఉన్న లోకంలో నేర్చుకున్న పాఠం. లోకమే లేనప్పుడు కూడా అది చెల్లుతుందని ఎవరు హామీ ఇస్తారు? వచ్చిందనేవాళ్లకీ, రానే రాదనేవాళ్లకీ సాక్షి లేడు. ఋగ్వేదంలో నాసదీయసూక్తం ఈ విషయాన్ని తేల్చకుండా సందేహం దగ్గరే ఆపేస్తుంది. నాకు అందులో నిజాయితీ కనిపిస్తుంది.

సరే, విశ్వం సంగతి తేలకపోతే మనకేం పోయింది అంటారా? పోయేది ఉంది. ఇదే ప్రశ్నని సాంఖ్యులూ నైయాయికులూ నేలమీదికి దించారు. నువ్వుల్లో నూనె లాగా పుట్టబోయేది కారణంలో ముందే ఉంటుందని సాంఖ్యుల మాట. గుడ్డ దారాల్లో లేదు, నేసినప్పుడే కొత్తగా పుట్టిందని నైయాయికుల మాట.

రెంటికీ వెల ఉంది. మొదటిది నిజమైతే ఏదీ నిజంగా పోదు, మూలంలో కలిసిపోతుందంతే. గొప్ప ఓదార్పు. కానీ అప్పుడు కొత్తదేదీ రాదు కూడా. ఉయ్యాలలో పిల్ల పాతదేదో బయటపడటం మాత్రమే. రెండోది నిజమైతే ఆ పిల్ల నిజంగా కొత్తది. మరి పోయినవాళ్లు నిజంగా పోయినట్టే. నైయాయికులు ఆత్మకి చావుపుట్టుకలు లేవన్నారు గనక ఇంతదూరం రాలేదు. వాళ్ల దారాన్ని పట్టుకుని నడిస్తే మాత్రం నేను ఇక్కడికే చేరతాను.

మన ఒంట్లో హైడ్రోజన్ దాదాపు 1380 కోట్ల ఏళ్ల నాటిది. మనం పోయినా అది ఎక్కడికీ పోదు. ఆత్మీయులు పోయినప్పుడు కొందరు ఈ మాట చెప్పి ఊరడిస్తారు. కానీ మనం ప్రేమించింది దారాల్నా? ఫలానా పడుగూ ఫలానా పేకా కలిసి, అదివరకు ఎక్కడా లేని ఒక మనిషి వచ్చాడు. ఆ నవ్వు, ఆ విసుగు అణువుల్లో ముందే దాగి ఉన్నాయంటే నాకు నమ్మబుద్ధి కాదు. అలా వచ్చినవాడు పోతే, లోకంలో ఒకటి తగ్గిందని ఒప్పుకోవాల్సిందే. ఆ నష్టాన్ని తప్పించుకోవడానికి, అతను కొత్తగా వచ్చాడన్న మాటని వదులుకోలేను.