బొమ్మా బొరుసూ, ఓ కాగితం



రెండు రూపాయి బిళ్ళలు ఎగరేశాం. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడే అవకాశమెంత? చాలామంది టక్కున మూడో వంతు అంటారు. రెండూ బొమ్మలు, రెండూ బొరుసులు, చెరొకటి. మూడే దారులు కదా అని!

కాగితం మీద రాసి చూడండి. మొదటిది బొమ్మ, రెండోది బొరుసు. మొదటిది బొరుసు, రెండోది బొమ్మ. ఇవి వేర్వేరు. మొత్తం దారులు నాలుగు. మనకు కావలసినవి రెండు. అంటే సగం. దలాంబేర్ అనే ఫ్రెంచి గణిత పండితుడే ఇలాంటి లెక్క దగ్గర తడబడ్డాడు. ఇక మన ఇంటర్ పిల్లలెంత?

సంభావ్యత చదివితే రాదు. చేస్తే వస్తుంది. గైడులో జవాబు చూస్తే అంతా తెలిసినట్టే ఉంటుంది. గైడు మూసి చేయాలి.

స్టాటిస్టిక్సూ అంతే. ధాన్యం కొనేవాడు బస్తా అంతా గుమ్మరించడు. గుప్పెడు తీసి చూస్తాడు. పైనుంచే తీస్తే? అడుగున తడి ఉంటే? శాంపిల్ పాఠం అక్కడే మొదలవుతుంది.

మన నూజివీడులో కొంతకాలం చదువుకున్నారు స్టాటిస్టిక్స్ పండితులు సి.ఆర్.రావు గారు. కుర్రతనంలో కలకత్తాలో, పెద్ద శాంపిళ్ళకు వర్తించే ఓ ఫలితం గురించి పాఠం చెబుతుంటే, ఓ విద్యార్థి అడిగాడు. శాంపిల్ చిన్నదైతే ఈ ఫలితం ఏమవుతుందండీ అని. ఆయన ఇంటికెళ్ళి రాత్రంతా లెక్క చేశారు. చేస్తేనే వచ్చింది. అదే క్రామర్-రావు అసమానత. 1945లో ఓ వ్యాసంగా అచ్చయింది. ఆ వ్యాసానికే, 2023లో, నూరేళ్ళు దాటాక, అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది.