యాభై ఒక్క నెలలు ఎవరివి?

మాంటిల్ సెల్ లింఫోమా అరుదైన రక్త క్యాన్సర్. 11వ, 14వ క్రోమోజోముల ముక్కలు చోటు మార్చుకోవడంతో సైక్లిన్ డి1 అనే ప్రొటీన్ అదుపు లేకుండా తయారై, కణాల్ని విభజన వైపు తోస్తుంది. ఎక్కువగా అరవై దాటిన మగవాళ్ళకి వస్తుంది. మందులకి లొంగినట్టే లొంగి తిరిగొస్తుంది. కొందరిలో మాత్రం ఏళ్ళ తరబడి వైద్యమే అక్కర్లేనంత నెమ్మదిగా ఉంటుంది.

మన ఇళ్ళల్లో ఇలాంటి జబ్బు బయటపడితే, పెద్దాయన్ని బయట కుర్చీలో కూర్చోబెట్టి, కొడుకో కూతురో డాక్టర్ని అడుగుతారు: "ఎన్నాళ్ళండీ?" వెంటనే, "ఆయనకి మాత్రం చెప్పకండి." దీన్ని పిరికితనం అని కొట్టిపారేయలేను, అది ప్రేమే. కానీ ఆ ప్రేమ ఇంతకీ దేన్ని దాస్తోంది?

యూరప్‌లో 455 మంది రోగుల్ని పరిశీలించి 2008లో మిపి అనే సూచిక తయారుచేశారు. వయసు, రోజువారీ పనులు చేసుకోగల ఓపిక, రక్తంలో ఎల్‌డీహెచ్ మోతాదు, తెల్లకణాల సంఖ్య చూసి రోగుల్ని మూడు గుంపులు చేస్తుంది. హై రిస్క్ గుంపులో మీడియన్ ఆయుష్షు 29 నెలలు, మధ్య గుంపులో 51. లో రిస్క్ గుంపుకి అసలు అంకే రాలేదు. లెక్క కట్టేనాటికి సగానికి పైగా బతికే ఉన్నారు మరి.

సర్వర్ల పనితీరు చూసేటప్పుడు మీడియన్ ఒక్కటే చూపించి ఊరుకుంటే మా ఆఫీసులో చీవాట్లు పడతాయి. 51 అంటే సగం మంది ఆ గీత దాటారని. ఎంత దూరం వెళ్ళారో ఆ అంకె చెప్పదు. పైగా వాళ్ళకి వైద్యం మొదలైనప్పుడు ఇబ్రుటినిబ్ లేదు. అమెరికాలో ఈ జబ్బుకి దానికి అనుమతి వచ్చిందే 2013 నవంబరులో. నాన్న ఆయుష్షు అనుకుని మనం గుప్పిట్లో దాస్తున్నది ఎప్పటివాళ్ళదో లెక్క.

దాచే కొడుకూ, అంకె మొహాన చెప్పేసి పక్క రోగిని పిలిచే డాక్టరూ ఒకలాగే ఆలోచిస్తున్నారనిపిస్తుంది. ఇద్దరికీ అది తీర్పే.

అలాగని అంకె పనికిమాలినదీ కాదు. గట్టి కీమో ఇవ్వాలా, స్టెమ్ సెల్ మార్పిడికి వెళ్ళాలా, పొలం అమ్మాలా అన్నవి దాన్ని చూసుకునే తేలతాయి. ఒళ్ళు ఆయనది, పొలం ఆయనది. ఆయన మాత్రం బయట కుర్చీలో!

తెలిస్తే కుంగిపోతారంటారు. కొందరు కుంగిపోతారు, నిజమే. తెలుసుకోకుండా ఉండే హక్కూ ఉంది. కానీ వద్దనడానికైనా ముందు ఎవరో ఒకరు అడగాలి కదా: "నాన్నా, ఇందులో నీకు ఎంతవరకు తెలియాలి?" కొందరు "అవన్నీ మీరే చూసుకోండిరా" అంటారు. కొందరు ముందు పొలం కాగితాలు ఎక్కడున్నాయో చెప్తారు.