ఆప్తవాక్యం – తీరాభివృద్ధి: ఎవరి మాట ప్రమాణం?

నెల్లూరు జిల్లా విడవలూరు ప్రాంతంలో వరిచేలకూ సముద్రానికీ నడుమ రొయ్యల గుంటలు పరచుకొని ఉన్నాయి. ఇటువంటి గుంటలను గురించి మూడు దశాబ్దాలుగా ప్రపంచానికి రెండు కథలు అందుతూ వచ్చాయి. ఒకటి నీలి విప్లవం, మరొకటి తీర విధ్వంసం. రెండింటిలోనూ అధికభాగం ఇంగ్లీషులో, ఈ తీరానికి దూరంగా రూపొందింది. వాటిని విశ్వసించేవారు గుంటను చూసి విశ్వసించరు. చెప్పిన సంస్థను చూసి విశ్వసిస్తారు. అందువల్ల ఇది శబ్దప్రమాణానికి సంబంధించిన సమస్య.

న్యాయసూత్రాలకు భాష్యం రచించిన వాత్స్యాయనుడు ఆప్తుని లక్షణాన్ని నిర్ణయిస్తూ, విషయాన్ని సాక్షాత్తుగా ఎరిగి ఉండడం, ఎరిగినదాన్ని ఎరిగినట్లే తెలపాలన్న ఇచ్ఛ కలిగి ఉండడం అవసరమన్నాడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యునికీ, మ్లేచ్ఛునికీ సమానమేనని కూడా చేర్చాడు. నేటి నివేదికల సంస్కృతికి మింగుడుపడనిది ఈ చివరి మాటే.

1992లో ప్రపంచ బ్యాంకు భారతదేశంలో రొయ్యల, చేపల పెంపకానికి రుణ పథకాన్ని ఆమోదించింది. ఆంధ్రప్రదేశ్ అందులో భాగం. 1994లో తెల్లమచ్చ వ్యాధి కోస్తా గుంటలను దెబ్బతీసింది. 1996 డిసెంబరు 11న ఎస్. జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు, సంప్రదాయ పద్ధతులను మినహాయించి, తీర నియంత్రణ మండలిలో రొయ్యల గుంటలు ఉండరాదని తీర్పు చెప్పింది. నాగపూర్‌లోని నీరి సంస్థ నివేదికతోపాటు అంతర్జాతీయ సంస్థల పత్రాలు కూడా ఆ తీర్పుకు ఆధారాలయ్యాయి. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి ఆ పెంపకానికి మళ్ళీ దారి తెరిచింది. పదేళ్ళలోపే ప్రామాణిక వాక్యం తలకిందులైంది.

ఈ వాదప్రతివాదాలలో మనిషికి లభించిన పేర్లు రెండే: లబ్ధిదారుడు, బాధితుడు. పంట గిట్టక పొలాన్ని గుంటకు కౌలుకిచ్చి, అదే గుంటకు కావలి కాస్తూ, పక్క చేను చౌడు బారుతోందని వాపోయే రైతు ఏ పేరులో ఇముడుతాడు? కాలువల్లో చేపలు పట్టి బతికే యానాదుల సంగతి చెప్పనే అక్కరలేదు.

గ్రామీణుల మాటను నేరుగా వినిపించే ప్రయత్నం జరగకపోలేదు. 2001లో మెదక్ జిల్లాలో 'ప్రజాతీర్పు' పేరిట, అధికభాగం మహిళలైన సన్నకారు రైతులు న్యాయనిర్ణేతలుగా కూర్చొని, 'విజన్ 2020' ప్రతిపాదించిన వ్యవసాయ భవిష్యత్తును విచారించి తిరస్కరించారు. బ్రిటన్‌లోని రెండు పరిశోధన సంస్థలు ఆ నివేదికను వెలువరించాయి; బ్రిటిష్ పత్రికలు చర్చించాయి. రాష్ట్రానికి సహాయమందిస్తున్న బ్రిటన్ అభివృద్ధి శాఖ దాని విశ్వసనీయతను ప్రశ్నించింది. ఆ కొద్దిమంది రైతులు ఎవరికి ప్రతినిధులన్నది ప్రధానమైన ఆక్షేపణ. ఆక్షేపణ సమంజసమే. అయితే విజన్ పత్రం తయారీలో పాలుపంచుకొన్న మెకిన్సీ సంస్థ ఎవరికి ప్రతినిధి అన్న ప్రశ్న అంత పట్టుదలగా వినబడలేదు. మరొక చిక్కు కూడా ఉంది: ఆ రైతుల మాట లండన్ చేరడానికి సైతం పరిశోధన సంస్థల వాహనమే కావలసివచ్చింది.

ప్రత్యక్షానుభవమే చాలునని దీని అర్థం కాదు. రొయ్యకు సోకిన వైరస్‌ను, విదేశీ విపణిలో ధర కుంగడానికి కారణాన్ని గట్టున నిలబడి చూడలేరు. అక్కడ శాస్త్రజ్ఞుడే సాక్షాత్తుగా ఎరిగినవాడు. గుంట యజమాని సైతం తన లాభం కోసం చూసినదాన్ని దాచవచ్చు. వాత్స్యాయనుని రెండవ నియమం అతనికీ వర్తిస్తుంది. కాని అతని స్వార్థాన్ని ఊరు ఎరుగును. నివేదికకు నిధులిచ్చినవారి ప్రయోజనాన్ని విడవలూరు పాఠకుడు తెలుసుకోవాలంటే, ముందుగా ఆ నివేదిక తెలుగులో ఉండాలి.