ముత్యాల పేటలో దారము

ధనుర్మాసపు వేకువలలో చిక్కడపల్లి శ్రీ వేంకటేశ్వరస్వామివారి ఆలయమునకు అశోక్‌నగర్ వీథుల నుండియు, నారాయణగూడ వైపు నుండియు గృహిణులు వచ్చుచుందురు. పట్టుచీర, నుదుట శ్రీచూర్ణము, కంఠమున ముత్యాల పేట. భాగ్యనగరపు ఇండ్లకు ముత్యము పరాయి వస్తువు కాదు. పారశీక సింధుశాఖలో లభించి, బస్రా ముత్యములను పేర ఈ నగరము చేరిన పాతకాలపు ముత్యములు కొన్ని కుటుంబములలో అత్తగారి నుండి కోడలికి, తల్లి నుండి కుమార్తెకు సంక్రమించుచు నేటికిని నిలిచియున్నవి.

తిరుప్పావై సేవాకాలము ముగిసి ఇల్లు చేరిన పెద్దముత్తైదువ మొట్టమొదట ఆ పేటను తీసి, మెత్తని నూలుగుడ్డతో ఒక్కొక్క ముత్యమును తుడిచి, కొయ్యకు తగిలింపక పెట్టెలో పట్టుగుడ్డపై పరచి ఉంచును. చూచువారికి ఒక సందేహము కలుగవచ్చును. అంతవరకు శరణాగతిని గూర్చి విని వచ్చిన ఆమెకు ఈ మమకారమేల? విడువవలసిన దానిని ఇంత జాగ్రత్తగా తుడుచుట ఏమి వైరాగ్యము?

ప్రశ్న చిన్నది కాదు. ముందుగా ముత్యము యొక్క స్వభావమును కొంత తెలిసికొనవలెను. ముత్యము రాయి కాదు. చిప్పలోని ప్రాణి తన మెత్తని దేహమున చొరబడిన అన్యవస్తువు చుట్టును పొరపై పొరగా కప్పిన పూత అది. ఆ పొరలలో అధికభాగము సున్నపురాతి పదార్థమే. అందుచేతనే చెమట, నిమ్మరసము, అత్తరు దానికి శత్రువులు. వజ్రమునకు 10 అంకె నిచ్చు కాఠిన్యపు కొలతలో ముత్యమునకు దక్కునది 2.5 నుండి 4.5 మాత్రమే. 1893లో జపానున మికిమోటో తొలిసారి పండించినది మొదలు లోకమున ప్రబలిన పెంపుడు ముత్యములకును ఈ సౌకుమార్యము సమానమే. తుడువని ముత్యము కొంతకాలమునకు కాంతి తప్పును.

దారము మాట వేరు. ముత్యము నూరేండ్లు నిలువవచ్చును, పట్టుదారము నిలువదు. తరచు ధరించు పేటకు ఏడాదికో రెండేండ్లకో దారము మార్పింపవలెను. చెమటను, ధూళిని పీల్చి దారము నల్లబడును, సాగును. ముడికిని ముత్యమునకును నడుమ సందు కనబడును. ముందుగా నలుగునది మెడ వెనుక, కొక్కెము దగ్గర. ధరించిన వారికి అది కానరాదు. ఆలయపు వరుసలో వెనుక నిలిచిన వారికి కనబడును. “వదినగారూ, మీ పేట తెగేటట్లున్నది” అని చెప్పిన పొరుగామె చేసిన ఉపకారము సామాన్యమైనది కాదు. పత్తర్‌గట్టి దుకాణములలో గాని, ఇంటి సమీపమున గాని గుచ్చువాడు పాత దారమును కత్తిరించి, రంధ్రములను శుభ్రపరచి, ముత్యమునకు ముత్యమునకు నడుమ ముడి వేయుచు మరల గుచ్చును. ఆ ముడి వలన ముత్యములు ఒకదానితో ఒకటి ఒరయవు. తెగినను రాలునది ఒక్కటే.

భగవద్గీత ఏడవ అధ్యాయమున భగవానుడు తన్ను మణులను నిలుపు సూత్రముతో పోల్చుకొనెను. గుచ్చువాని ఎదుట కూర్చున్న వారికి ఆ ఉపమానపు లోతు తెలియును, దాని మేరయు తెలియును. పట్టుదారము నలుగును, జగత్సూత్రము నలుగదు. ఉపమానమును చివరివరకు లాగరాదు. అయినను దారము తీసిన పిదప పళ్లెమున మిగులునది హారము కాదు, పిడికెడు ముత్యములు.

ఇక మమకారము మాట. శ్రీమద్రామాయణ పట్టాభిషేక ఘట్టమున సీతాదేవి తన కంఠమందలి ముత్యాలహారమును తీసి హనుమంతున కొసగెను. హనుమ దానిని కొరికి ప్రతి ముత్యమునందును రాముని వెదకెనను కథ ఇంటింట ప్రసిద్ధము. వాల్మీకిలో ఆ భాగము లేదు. అచట హనుమ హారమును ధరించి ప్రకాశించెను, అంతే. వైరాగ్యమునకు ఉదాహరణముగ కొరికిన కథనే చెప్పుదురు. కాని ధరించిన హనుమకు వైరాగ్యము కొరతపడినదని ఎవరనగలరు? అమ్మవారు ఇచ్చినది గనుక ధరించెను.

చేతనాచేతనములన్నియు భగవానునకు శేషములు, ఆయనయే శేషి యని భగవద్రామానుజుల సిద్ధాంతము. ఆ దృష్టితో చూచినచో ఇంటి పేటకు గృహిణి యజమానురాలు కాదు, కాపుదారు. తనది కాని వస్తువును చెడనిచ్చు హక్కు ఆమెకు లేదు. భద్రాచలమున శ్రీరామనవమి నాడు తలంబ్రాలలో కలియు ముత్యములకు దారము లేదు. గోల్కొండ నేలిన అబుల్ హసన్ తానాషా (1672–1687) నాటి నుండి వచ్చిన ఆచారమని ప్రతీతి. నేడు ప్రభుత్వపక్షమున ఆ సమర్పణ జరుగుచున్నది. స్వామికి అర్పించిన దానికి లెక్క లేదు. అప్పగింపబడిన దానికి లెక్క కలదు.

ఆ లెక్క గుచ్చువాని ముందు ముత్యములు విడివడినపుడు తేలును. నూరింటిలో మూడింటి పొర అరిగి, రంధ్రపు అంచు పెచ్చు లేచినదనుకొందము. రంగు కుదిరిన మూడు క్రొత్త ముత్యములను మెడ వెనుక పడునట్లు వేసెదనని అతడనును. వేయించుట తప్పు కాదు. పేట నిలువవలెను గదా. కాని రేపు కోడలికి ఇచ్చునపుడు అన్నియు అత్తగారి నాటి బస్రా ముత్యములే యని చెప్పుటయా, మూడు క్రొత్తవని చెప్పుటయా? విలువ తగ్గునన్న భయము, వియ్యపువారి యెదుట పేరు తగ్గునన్న సంకోచము రెండును అడ్డు వచ్చును. చెప్పకున్నను సామాన్యముగ ఎవరును కనిపెట్టరు. చిక్కంతయు అచటనే. తనదనుకొన్న వారికి ఆ మాట గొంతు దాటదు.

కాపుదారుగా మెలగు గృహిణి అరిగిన మూడు ముత్యములను తిరిగి ఇమ్మని అడుగును. వానిని చిన్న పొట్లముగ కట్టి, దారము మార్పించిన నెలయు సంవత్సరమును, వేసిన క్రొత్త ముత్యముల సంఖ్యయు పైన వ్రాసి, పేటతోపాటు అదే పెట్టెలో ఉంచును. కోడలు ఆ పెట్టె తెరచిన నాడు మొదట చేతికి తగులునది ఆ పొట్లమే.