దొరకనిది లేనిదేనా? – మనస్తత్వశాస్త్ర పరిశోధనలో డేటాబేసుల ప్రామాణ్యం

సిద్ధాంత వ్యాసాల ఉపోద్ఘాతాలలో ‘ఈ అంశంపై ఇంతవరకు పరిశోధన జరగలేదు’ అన్న వాక్యం తరచుగా కనిపిస్తుంది. మనస్తత్వశాస్త్రంలో ఈ వాక్యానికి నేడు ప్రధానాధారం విశ్వవిద్యాలయ గ్రంథాలయం అందించే సైక్‌ఇన్ఫో వంటి డేటాబేసు. అందులో వెతికి ఏమీ దొరకనప్పుడు ఆ శూన్యాన్నే పరిశోధకుడు ప్రమాణంగా స్వీకరిస్తాడు. దొరకకపోవడం లేకపోవడానికి రుజువు కాగలదా?

భారతీయ దర్శనాలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. కుమారిల భట్టు సంప్రదాయ మీమాంసకులూ, అద్వైత వేదాంతులూ అనుపలబ్ధిని ఆరవ ప్రమాణంగా అంగీకరించారు. అయితే ప్రతి అనుపలబ్ధీ ప్రమాణం కాదు. ఉంటే తప్పక కనబడవలసిన చోట కనబడకపోవడం, అంటే యోగ్యానుపలబ్ధి మాత్రమే అభావాన్ని తెలుపుతుంది. వెలుతురున్న చోట కుండ కనబడకపోతే కుండ లేదనవచ్చు. చీకటిలో అలా అనరాదు.

డేటాబేసులో ఆ వెలుతురు అంతటా సమానంగా లేదు. ఆశించిన ఫలితమివ్వని అధ్యయనాలు ప్రచురణకు నోచుకోక సొరుగులలో ఉండిపోతాయని 1979లో రాబర్ట్ రోసెంతాల్ హెచ్చరించాడు. డిప్రెషన్ మందులపై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వద్ద నమోదైన 74 అధ్యయనాలను ఎరిక్ టర్నర్ బృందం 2008లో పరిశీలించింది. ప్రచురిత సాహిత్యాన్ని బట్టి చూస్తే 94 శాతం అధ్యయనాలు అనుకూలం. ఆ సంస్థ విశ్లేషణ ప్రకారం 51 శాతమే. ప్రచురితమైనవే వెతికినవాడు రోగికి ఉన్నదానికంటె ఎక్కువ ఆశ చూపుతాడు.

భాష మరొక పరిమితి. ‘బెంగ’ను గురించి తెలుసుకోదలచినవాడు ‘డిప్రెషన్’, ‘యాంగ్జైటీ’ అన్న శీర్షికల కింద వెతకవలసి వస్తుంది. బెంగలోని ఎడబాటు, ఎదురుచూపు ఆ శీర్షికలలో పూర్తిగా ఇమడవు.

అన్నిచోట్లా వెతకడం ఎవరికీ సాధ్యం కాదన్న ఆక్షేపణ న్యాయమైనదే. కాని సత్యనిష్ఠ కోరేది సర్వజ్ఞత్వాన్ని కాదు, మాటకు హద్దును. ఏ డేటాబేసులో, ఏ పదాలతో, ఏ తేదీన వెతికారో తెలపాలని క్రమబద్ధ సమీక్షలకు ఉద్దేశించిన ప్రిస్మా 2020 మార్గదర్శకాలు నిర్దేశిస్తున్నాయి. దీనిని కేవలం పద్ధతికి సంబంధించిన నియమంగా భావించరాదు. ‘జరగలేదు’ అన్న మాట, ఏదో ఒక విభాగపు బీరువాలో ఉన్న మరొకరి శ్రమను లేకుండా చేస్తుంది. ‘ఇక్కడ, ఇలా వెతికినప్పుడు కనబడలేదు’ అన్న మాట తరువాతి పరిశోధకునికి వెతకవలసిన చోటును మిగులుస్తుంది. పరిశోధకుడు నిజాయితీగా చెప్పగలిగినది ఈ రెండవ మాటే.