ఆదివారం కొలిమి

జీతం వచ్చే మనిషి కొలిమి దగ్గర కూర్చోవచ్చా? మూడేళ్లుగా నన్ను చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. తోటి ఉపాధ్యాయులు ఒక తీరుగా అడుగుతారు: "ఈ మసి అంటకుండా ఉండాలనే కదా సారూ, మనం చదువుకున్నది?" మా ఊరి కమ్మరి మామ ఇంకో తీరుగా అడిగాడు: "పంతులూ, నీకంటే సరదా. మరి నాకు?"

చిన్నప్పుడు బడి లేని రోజుల్లో నేను ఆ కొలిమిలోనే తిత్తి ఊదేవాణ్ని. మా గోండు గూడేనికి నాగటి కర్రు, గొడ్డలి, కొడవలి, ఇంట్లో కూరగాయల కత్తి అన్నీ అక్కడినుంచే వచ్చేవి. టీచర్ ట్రైనింగ్‌లో చేరాక ఆ పని పోయింది. నలభై దాటాక ఆదివారాల్లో మళ్లీ మొదలుపెట్టాను. లారీ కమాన్ పట్టీ ముక్క ఒకటి, బొగ్గు, సుత్తి, పట్టకారు, దాగలి ఉంటే చాలు. కమాన్ పట్టీ మంచి ఉక్కు. ఎర్రగా కాలిన ముక్కకు అయస్కాంతం అంటడం మానిందంటే వేడి సరిపోయే దగ్గరికి వచ్చినట్టు. ఆ ఉక్కును నీళ్లలో ముంచితే పగిలే ప్రమాదం ఉంది, నూనెలో ముంచాలి. తర్వాత మళ్లీ సన్నగా కాచి పెళుసుతనం తీయాలి. లోహాల పాఠం చెప్పే సార్లు ఒక్కసారి దీన్ని కళ్లారా చూస్తే బాగుంటుంది. మా మామకు అయస్కాంతం అక్కర్లేదు. రంగు చూసి చెప్తాడు, అదీ చీకటి మూలన కూర్చుని. కొలిమిని ఎండలో ఎందుకు పెట్టరో నాకు అప్పుడే అర్థమైంది.

తోటి ఉపాధ్యాయులకు నా జవాబు చిన్నదే. పట్నం నుంచి వచ్చిన ఆఫీసరు సెలవురోజు మన గుట్టలు ఎక్కితే దాన్ని అభిరుచి అంటారు. ఆదివాసీ సుత్తి పడితే వెనకకు పోయాడంటారు. చేతిపనిలో ఉండే సంతోషం జీతగాడికి నిషేధమని ఏ చదువూ చెప్పలేదు. మనం బడికి పోయింది బలవంతపు చాకిరీ తప్పించుకోవడానికి. చేతులను వదిలించుకోవడానికి కాదు.

మామ ప్రశ్న అంత తేలిక కాదు. దానికి మన ప్రాంతపు ఇనుము కథ కొంచెం తెలియాలి.

నిర్మల్, జగిత్యాలకు దగ్గర్లో, ఇప్పటి నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊరు ఉంది. సర్వే శాఖలో వైద్యుడిగా, భూగర్భ పరిశీలకుడిగా పనిచేసిన వాయ్‌సీ అనే ఇంగ్లీషు ఉద్యోగి అక్కడ ఉక్కు తయారీని చూసి రాశాడు. అతను 1824లో చనిపోయాడు, ఆ రాత 1832లో అచ్చయింది. నిర్మల్ దిక్కున దొరికే ఇనుప రాయిని కరిగించేవారు. ఆ ఇనుమును మట్టి మూసల్లో మూసి, గంటల తరబడి కాల్చి, నెమ్మదిగా చల్లార్చి ఉక్కు ముద్దలు తీసేవారు. ఆ ముద్దల కోసం పారశీక వ్యాపారి ఆ ఊళ్లోనే మకాం పెట్టాడని రాశాడు. డమాస్కస్ కత్తులని లోకం మెచ్చుకున్నవి ఇలాంటి దక్షిణ భారత ఉక్కుతో చేసినవే. 2010లో పరిశోధకులు మన ఉత్తర తెలంగాణ జిల్లాల్లో తిరిగి ఇనుప చిట్టెం కుప్పలను ఊరూరా నమోదు చేశారు. మన పిల్లలు ఆ నల్లరాళ్లను తన్నుకుంటూ బడికి వస్తారు.

ఆ విద్య ఎందుకు పోయింది? ఇష్టపడేవాళ్లు లేక కాదు. విదేశీ ఇనుము చౌకగా వచ్చింది, బొగ్గుకు అడవి అందకుండా పోయింది, కొనేవాళ్లు తగ్గారు. ఆ పనిని గింజల కోసం చేసినవాళ్లు గింజలు రానప్పుడు మానేశారు.

ఇక్కడ నా వాదానికి అడ్డం వచ్చే సంగతి ఒకటి ఉంది. అమెరికాలో పెండ్రే అనే కమ్మరి, వెర్‌హోవెన్ అనే లోహశాస్త్ర ఆచార్యుడు కలిసి ఏళ్ల తరబడి ప్రయత్నించి, 1990ల్లో ఆ గీతల ఉక్కును మళ్లీ తీశారు. ఇనుములో వెనేడియం లాంటివి అతి కొంచెంగా ఉంటేనే ఆ గీతలు పడతాయని చూపించారు. ఎవరికీ ఆకలి తీర్చని పనిని పట్టుదలతో చేసి, బతుకుదెరువు దాచలేనిదాన్ని వెతికి తెచ్చారు. కాబట్టి సరదాను చిన్నచూపు చూడలేను. అయితే వాళ్లు తెచ్చింది ఉక్కు చేసే తీరును. కోనసముద్రం కొలిమిలు వెలగలేదు.

సరదా కత్తికీ బతుకు కత్తికీ తేడా పదునులో లేదు. ఎవరికి జవాబు చెప్పాలన్న దాంట్లో ఉంది. నా కత్తి వంకరపోతే పక్కన పడేస్తాను. మామ కొడవలి వంగితే కోతల నడుమ పోశవ్వ (ఊళ్లో ఎవరైనా కావచ్చు) వచ్చి కొలిమి ముందు నిలబడుతుంది. ఆమె మాట పడుతూ నలభై ఏళ్లు సరిదిద్దుకున్నదే అతని పనితనం. ఇప్పుడు అంగడిలో మిషన్ కొడవళ్లు వచ్చాయి. అతనికి మిగిలింది కక్కు కొట్టడం, గొడ్డలికి నోరు పెట్టడం, ఇలాంటి చిల్లర పనులే. నేను సరదాగా చేసి ఊళ్లో ఊరికే పంచితే, ఆ చిల్లర కూడా నా దయ కింద నలిగిపోతుంది. మంచితనంతో కూడా ఒకరి కూడు లాక్కోవచ్చు.

అందుకే నేను కత్తులు అమ్మను, ఊళ్లో పంచను. నేర్పినందుకు మామకు కూలి ఇస్తాను, "మామా అల్లుడు వరస కదా" అని ఎగ్గొట్టను. మా ఇంటికి కావలసిన పనిముట్లు అతని దగ్గరే చేయిస్తాను. ఇది సరిపోతుందా అంటే సరిపోదు, అతని కొడుకు ఆటో నడుపుతున్నాడు. కేస్లాగూడ, ఉషేగావ్‌లలో ఓజాల ఇత్తడి పోత పనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు పేరును కాపాడుతుంది. మైనం దిద్దే చేతికి పని దొరకాలంటే కొనేవాళ్లు రావాలి. కొడవలికి ఆ పేరు కూడా రాదు.

కత్తి మీద మోజున్న తమ్ముళ్లకు ఇంకో మాట. ఆయుధాల నిబంధనల్లో తొమ్మిది అంగుళాల కంటే పొడవు, లేదా రెండు అంగుళాల కంటే వెడల్పు ఉన్న అలుగును ఆయుధాల లెక్కలో వేశారు. ఇంటి పనికి, సేద్యానికి చేసినవాటిని వదిలేశారు. అంటే చట్టం కూడా మొదట అడిగేది "ఇది దేనికి?" అనే. ఫోన్‌లో చూసి పెద్ద కత్తి కొట్టి ఫొటో పెట్టుకునేవాడి దగ్గర దానికి జవాబు లేదు.

ఈ ఎండాకాలం సెలవుల్లో తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు నేర్పమని వచ్చారు. నేను నేర్పనన్నాను, మామ దగ్గరికి పంపాను. రోజుకు ఇంత అని అతను ధర చెప్పాడు. మొదటి వారం తిత్తే ఊదాలన్నాడు. ధర ఎక్కువని వాళ్లు ఇంకా బేరమాడుతున్నారు.